చెప్పుల లెక్క

నా పేరు కొప్పిశెట్టి చలమయ్య. తండ్రి వీర్రాజు, ఇప్పుడు లేరు. వయసు నలభై తొమ్మిది. పుట్టింది తూర్పు గోదావరి జిల్లా ఆలమూరు దగ్గర. విశాఖపట్నం వచ్చి ఇరవై నాలుగేళ్ళయింది. మల్కాపురంలో అద్దె గదిలో ఉంటున్నాను. ఒక్కడినే ఉంటున్నాను. భార్య పోయి తొమ్మిదేళ్ళు, పిల్లలు లేరు. పోర్టు వెనక సింధుతీర బల్క్ హ్యాండ్లర్స్ అనే కంపెనీకి వ్యాగన్లు నిలిపి నింపుకునే సొంత రైలు సైడింగు ఉంది. అందులో షంటింగ్ మేటుగా పదకొండేళ్ళ నుంచి పని చేస్తున్నాను. అంటే, ఇంజను గూడ్సు వ్యాగన్లను ముందుకూ వెనక్కూ జరిపేటప్పుడు జెండా ఊపే మనిషిని. గుర్తింపు చిహ్నం అడిగారు. ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. 1996లో వ్యాగన్లు తగిలించేటప్పుడు పోయాయి. అంతకంటే మంచి గుర్తు నాకు లేదు.

ఈ రోజు 2003 మార్చి 10, సోమవారం. ఉదయం పదిన్నరకు మండల రెవెన్యూ అధికారి సుధారాణి గారి ఎదుట హాజరై ఇది చెబుతున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు. కంపెనీ ఇచ్చిన సాక్షుల జాబితాలో నా పేరు లేదు. ఆ రోజు జెండా పట్టుకున్నది నేను. జాబితాలో లేనిది కూడా నేనే. ఎందుకు లేదో వివరంగా చెబుతాను.

ఈ నెల 6వ తేదీ గురువారం మా సైడింగులో ఒక ఆడమనిషి చనిపోయింది. ఆమె గుర్తు తెలియని మనిషి అనీ, బొగ్గు దొంగతనానికి కంచె దూరి వచ్చి ఖాళీ వ్యాగను ఎక్కి పడిపోయిందనీ కంపెనీ ఫిర్యాదు ఇచ్చింది. అది అబద్ధం. ఆమె పేరు చిట్టమ్మ. వయసు నలభై మూడో నలభై నాలుగో. జాలరిపేట మనిషి. ఆరేళ్ళుగా మా సైడింగులో వ్యాగన్లు ఊడ్చే పని చేస్తోంది. నాకు తెలియని మనిషి కాదు. ఆ సైడింగులో నాకు తెలిసిన మనిషంటే ఆమె ఒక్కతే.

పని ఏమిటో ముందు చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తెలియదు. గనుల నుంచి కొండ లైను మీద ఇనుప ఖనిజం వ్యాగన్లలో పోర్టుకు వస్తుంది. అక్కడ ఖాళీ అయిన వ్యాగన్లు మా సైడింగుకు వస్తాయి. ఓడ మీద వచ్చిన బొగ్గు వాటిలో నింపి పంపుతాం. బొగ్గులో ఖనిజం కలవకూడదు. కాబట్టి నింపే ముందు ప్రతి వ్యాగనులోకీ దిగి ఊడవాలి. పై కప్పు లేని ఇనుప పెట్టె అది. మనిషి కంటే ఎత్తు గోడలు. మూలనున్న నిచ్చెన ఎక్కి లోపలికి దిగి, చీపురుతో, పారతో ఆ ఎర్ర దుమ్ము గీకి, గమేళాలో ఎత్తి బయట పొయ్యాలి. మార్చి ఎండకు ఆ ఇనుము పెనంలా ఉంటుంది. ఈ పని ఆరుగురు ఆడవాళ్ళు చేస్తారు. ఒక లైనులో ఒక్కసారికి పధ్నాలుగు వ్యాగన్లు పడతాయి. ఊడ్చిన లైనును ఇంజను నెట్టుకుంటూ బొగ్గు గుట్ట దగ్గరకు తీసుకుపోతుంది. ఇంజను ఒక కొసన ఉంటుంది, మలుపు అవతల. డ్రైవరుకు వ్యాగన్లలో ఎవరున్నారో కనపడదు. నా జెండా ఒక్కటే కనపడుతుంది.

జెండా మనిషితో ఎవరూ మాట్లాడరు. జెండాను చూస్తారు, అంతే. ఎనిమిది గంటల డ్యూటీలో ఏడు గంటలు నా చుట్టూ వంద గజాల్లో మనిషి ఉండడు. దీన్ని ఫిర్యాదుగా రాయవద్దు. ఉన్నది చెప్పాను.

జెండా ఊపే ముందు మేటు ప్రతి వ్యాగనూ ఎక్కి లోపల చూడాలని రూలు ఉంది. అందుకు ఒక పుస్తకం కూడా ఉంది. 'పధ్నాలుగు వ్యాగన్లు తనిఖీ చేసితిని' అని రాసి సంతకం పెట్టాలి. పధ్నాలుగు నిచ్చెనలు ఎక్కి దిగాలంటే నలభై నిమిషాలు పడుతుంది. కంపెనీ ఇచ్చేది పది నిమిషాలు. రెండో మేటును ఇమ్మని 1997లో అడిగాను, 98లో అడిగాను, తర్వాత యూనియన్ తరఫున రాతపూర్వకంగా అడిగాను. ఇవ్వలేదు. రూలు రాసినవాడికి గడియారం లేదు, గడియారం పట్టుకున్నవాడికి రూలు లేదు. ఇద్దరి మధ్యా నా సంతకం ఉంది. ఆ పుస్తకంలో నా సంతకాలన్నీ అబద్ధాలు. పుస్తకం తెప్పించుకోండి, ఒప్పుకుంటాను.

అబద్ధం సంతకం పెడుతూ మనుషుల్ని ఎలా కాపాడావని మేడం గారు అడిగారు. చెప్పుల వల్ల.

ఊడ్చే ఆరుగురిలో నలుగురు జాలరిపేట వాళ్ళు. వాళ్ళ మగవాళ్ళు వేటకు పోయేవాళ్ళు. జాలరివాళ్ళు తెప్ప మీద చెప్పులతో కాలు పెట్టరు. కూడు పెట్టేదాన్ని చెప్పులతో తొక్కకూడదంటారు. ఆ ఆడవాళ్ళు వ్యాగనుకూ అదే మర్యాద ఇచ్చారు. చెప్పులు నిచ్చెన కింద నేల మీద విడిచి, ఉత్త కాళ్ళతో ఎక్కేవారు. వాళ్ళను చూసి మిగతా ఇద్దరూ అలాగే చేశారు. దిగగానే చెప్పులు తొడుక్కుంటారు. కింద కంకర కాలుతుంది కదా. నేను అది గమనించాను. చెప్పులు నేల మీద ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. నేల ఖాళీగా ఉంటే వ్యాగను ఖాళీగా ఉన్నట్టు. లైను పక్కన ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ కింద చూసుకుంటే చాలు, ఏడు నిమిషాలు. ఐదేళ్ళు అలాగే చేశాను. ఒక్కరికి గీటు పడలేదు. నేను దాన్ని నా తెలివి అనుకున్నాను. యూనియన్ మీటింగులో కూడా చెప్పాను, చప్పట్లు కొట్టారు.

చిట్టమ్మ ఆ లెక్కను చూసి నవ్వేది. ఆమె మాట ఉన్నది ఉన్నట్టు రాయమని, ఇది రాసుకుంటున్న గుమాస్తా గారిని కోరాను.

"ఏటి మేటుబాబూ, మా సెప్పులకి హాజరేత్తన్నావా? మమ్మల్నొకసారి మొకం సూసి పిలు, పలుకుతాం."

"పధ్నాలుగు వ్యాగన్లెక్కి మొహాలు చూడ్డానికి టైం ఇవ్వడంలేదమ్మా మీ కంపెనీ."

"మా కంపెనీయేటి? నాను కొన్నానేటి? నీదేనేమో, అన్ని ఉత్తరాలు రాసుకుంతన్నావ్!"

మధ్యాహ్నం పన్నెండున్నరకు వాళ్ళు తుమ్మచెట్టు నీడన అన్నం తినేవారు. నేను కొసన, పట్టాల పక్కనున్న బల్ల మీద. ఆమె ఒక్కతే అక్కడినుంచి అరిచేది. "ఒంటి కాకినాగ ఆ కొసనెందుకు కూకుంతావు బాబూ? ఇటొచ్చి తిను, సేపల పులుసు ముట్టుకుంతే నీ యూనియన్ మైలపడిపోద్దేటి?" నేను వెళ్ళలేదు. ఆరేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. రెండుసార్లు ఆమె గిన్నె మూతలో పులుసు పోసి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఇది కేసుకు సంబంధించినది కాదని గుమాస్తా గారు అన్నారు. సంబంధించినదే. గుర్తు తెలియని మనిషి పులుసు తెచ్చి పెట్టదు.

ఇప్పుడు బూట్ల సంగతి. ఆడవాళ్ళకు భద్రతా బూట్లు ఇవ్వాలని రెండేళ్ళు పోరాడినవాణ్ణి నేనే. ఖనిజం దుమ్ము వాళ్ళ మడమల పగుళ్ళలోకి దిగి ఎర్రగా పుండ్లు పడతాయి. అర్జీలు పెట్టాను. గేటు దగ్గర మాట్లాడాను. ఆదివారాలు గదిలో తలుపు వేసుకుని ఆ ఉపన్యాసాలు పైకి చదువుకునేవాణ్ణి. చివరికి కంపెనీ ఒప్పుకుంది. మార్చి 4 మంగళవారం భద్రతా వారోత్సవం మొదలు. పెద్ద ఆఫీసర్లు వచ్చారు. ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి ఆరుగురికీ ఆరు జతల నల్ల బూట్లు ఇచ్చారు. అన్నీ మగవాళ్ళ సైజులు. కుర్చీల్లో కూర్చోబెట్టి ఫొటో తీశారు. ముందు వరసలో ఎడమ నుంచి రెండోది చిట్టమ్మ. ఆ ఫొటోను నోటీసు బోర్డు మీద మేకులతో కొట్టారు. 7వ తేదీ పొద్దున్నకు అది లేదు, నాలుగు మేకులు ఉన్నాయి. నెగటివ్ గాజువాక ఫొటోగ్రాఫరు దగ్గర ఉంటుంది. తెప్పించండి.

5వ తేదీన ఆరుగురూ బూట్లు తొడుక్కునే పనికి వచ్చారు. ఎక్కే ముందు నిచ్చెన దగ్గర ఆగిపోయారు. బూట్లతో ఎక్కడానికి మనసొప్పలేదు. గ్యాంగులో పెద్దది వరహాలమ్మ, "నానెక్కను బాబూ, సెప్పుల్తో ఎక్కితే గంగమ్మ ఊరుకుంతాదా?" అంది. అప్పుడు నేను ఉపన్యాసం ఇచ్చాను. ఇది తెప్ప కాదు, వ్యాగను. ఇక్కడ గంగమ్మ లేదు, ఇనుము ఉంది. మీ కాళ్ళు పుండ్లు పడుతుంటే ఏ దేవతా వచ్చి మందు రాయలేదు, కొట్లాడితే బూట్లు వచ్చాయి. మీ మూఢనమ్మకమే కంపెనీకి లాభం. ఇలా చాలాసేపు చెప్పాను. ఇవన్నీ నిజాలే. ఇప్పటికీ నిజాలే అంటాను. కానీ వాళ్ళ ఆ నమ్మకం మీదే నా లెక్క నిలబడి ఉందని నాకు ఆ క్షణంలో తోచలేదు. మూఢనమ్మకం అని నేను కొట్టిన దెబ్బ నా జెండా కర్రకే తగిలింది.

చివరికి ఆరుగురూ బూట్లతోనే ఎక్కారు. ఆ రోజు నేల మీద చెప్పులు లేవు కాబట్టి పధ్నాలుగు వ్యాగన్లూ ఎక్కి చూశాను. నలభై ఐదు నిమిషాలు పట్టింది. సూపర్‌వైజరు శివరామకృష్ణ గారు వచ్చి, "చలమయ్య గారూ, మీరు రైలు నడుపుతున్నారా, గిరి ప్రదక్షిణ చేస్తున్నారా?" అని అందరి ముందూ అన్నారు. సాయంత్రం ఆలస్యానికి సంజాయిషీ అడుగుతూ కాగితం ఇచ్చారు. అది నా జేబులో ఉంది. ఇదుగో, ఇస్తున్నాను.

6వ తేదీ పొద్దున్న ఐదుగురు మళ్ళీ చెప్పులతో వచ్చారు. పెద్ద బూట్లకు వేళ్ళు బొబ్బలెక్కాయి, పైగా గంగమ్మ భయం. నిచ్చెనల కింద చెప్పులు కనపడగానే నాకు ఊపిరి వచ్చింది. మళ్ళీ ఏడు నిమిషాలు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, సంతోషించాను.

చిట్టమ్మ ఒక్కతి బూట్లతోనే వచ్చింది. ముందు వైపు గుడ్డపీలికలు కుక్కుకుంది. పన్నెండున్నరకు అన్నాల వేళ నా బల్ల దాకా నడిచి వచ్చి కాలు ఎత్తి చూపించింది.

"నీ మాటిన్నాను బాబూ. నానొక్కద్దాన్నే ఇన్నాను. ఆరేల్లకి ఈయాలే కాలు మండనేదు. ఈ ఒయసులో పెల్లికూతుర్ని సేసీసినావు."

నేను నవ్వాను. జాగ్రత్త అనలేదు. నువ్వు చెప్పులు విడవవు కదా, దిగాక నాకు చెప్పు అనలేదు. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె నా ముందే నిలబడి ఉంది. బూట్లు నా ముందే ఉన్నాయి. నేను నవ్వాను.

మధ్యాహ్నం రెండో లైను ఊడ్చారు. మూడూ ఇరవై ఐదుకు ఆడవాళ్ళు దిగి టీకి తుమ్మచెట్టు కిందకు పోతుంటే చూశాను. ఎంతమందో లెక్కపెట్టలేదు. నాకు మనుషుల్ని లెక్కపెట్టే అలవాటు పోయింది. మూడున్నరకు శివరామకృష్ణ గారు వాకీటాకీలో లైను కదపమన్నారు. నేను ఒకటో వ్యాగను నుంచి పధ్నాలుగో వ్యాగను దాకా కింద చూసుకుంటూ నడిచాను. నేల ఖాళీగా ఉంది. ఒక్క జత లేదు. మూడూ నలభైకి మలుపు దగ్గర నిలబడి డ్రైవరు జగ్గారావుకు పచ్చజెండా ఊపింది నేనే.

ఇంజను తగిలింది. మొదటి వ్యాగను నుంచి చివరి దాకా ఆ కుదుపు ఒకదాని తర్వాత ఒకటి పాకుతుంది. పదకొండేళ్ళుగా వింటున్న చప్పుడే. చెట్టు కింద నుంచి వరహాలమ్మ అరిచింది.

"ఓలమ్మో! సిట్టి దిగనేదురో! ఆపండిరో!"

ఎర్రజెండా ఎత్తాను, ఈల ఊదాను. జగ్గారావు ఒకటిన్నర వ్యాగను దూరంలో ఆపాడు. అంతకంటే ముందు ఎవడూ ఆపలేడు. అతని తప్పు ఇసుమంత లేదు. జగ్గారావును ఇరికించాలని ఎవరైనా చూస్తే నా ఈ మాట చూపించండి.

పదకొండో వ్యాగను మూలలో తడి ఖనిజం గట్టిగా పట్టి ఉండి, దాన్ని గీకుతూ ఆమె వెనకబడింది. గీకడం అయ్యి, పెద్ద బూట్లతో మెల్లగా నిచ్చెన దిగుతోంది. కుదుపుకు పదకొండుకూ పన్నెండుకూ మధ్య పడింది. ఛాతీ నలిగింది. కాళ్ళకు ఏమీ కాలేదు. మేమిద్దరం, జగ్గారావూ నేనూ, బయటకు తీసి కంకర మీద పడుకోబెట్టాం. అప్పుడు టైము మూడూ నలభై ఆరు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి.

మూడూ యాభైకి శివరామకృష్ణ గారు వచ్చారు. చూశారు. "ఊపిరి ఉందేమో, బూట్లు విప్పండి, కాళ్ళు రుద్దండి, త్వరగా" అన్నారు. నేను విప్పాను. ఎడమ చేతికి వేళ్ళు లేవు కాబట్టి ముడి రావడం ఆలస్యమయింది. బూట్లు విప్పి పక్కన పెట్టి రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుని రుద్దాను. పది నిమిషాలు రుద్దాను. వెచ్చగానే ఉన్నాయి. అంతకుముందు నేను ఆమెను ఎన్నడూ తాకలేదు. జీపు వచ్చింది. నాలుగూ ఇరవైకి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నేను లేచి చూస్తే బూట్లు లేవు. నేను కాళ్ళు రుద్దుతుండగా నా పక్కనుంచే తీసుకుపోయారు. నా చేతులతోనే విప్పించి, నా పక్కనుంచే తీసుకుపోయారు. వాటి మీద కంపెనీ ముద్ర ఉంది.

ఇక కంపెనీ వాదనకు జవాబు చెబుతాను. బొగ్గు దొంగ అన్నారు. ఖాళీ వ్యాగనులో బొగ్గు ఎక్కడుంటుంది? బొగ్గు గుట్ట అక్కడికి మూడు వందల గజాల దూరం. గుట్టను వదిలేసి ఖాళీ పెట్టె ఎక్కే దొంగ ఉంటుందా? ఆమె చేతులు చూడండి. బొగ్గు దొంగ చేతులు నల్లగా ఉంటాయి. ఆమె చేతులు, జుట్టు, చీర అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఖనిజం ఎరుపు. పంచనామాలో 'ఉత్త కాళ్ళు' అని రాశారట. మళ్ళీ వెళ్ళి చూడండి. పిక్కల మీద ఎర్ర దుమ్ము ఉంటుంది. చీలమండ దగ్గర గీత గీసినట్టు అది ఆగిపోతుంది. కింద పాదాలు శుభ్రంగా ఉంటాయి. పొద్దున్న నుంచి ఖనిజంలో నిలబడిన మనిషి పాదాలు ఎలా శుభ్రంగా ఉన్నాయి? ఏ దొంగైనా కాళ్ళు కడుక్కుని దొంగతనానికి వస్తుందా? ఆ పాదాలు నేను చేతుల్లో పట్టుకున్నాను కాబట్టి నాకు తెలుసు. మార్చురీలో ఇంకా కడగకపోతే మీకూ తెలుస్తుంది. దయచేసి ఈ రోజే మనిషిని పంపండి.

హాజరు పుస్తకంలో ఆ రోజుకు ఐదు పేర్లే ఉన్నాయట. కొత్త పుస్తకం అది. ఆమె పేరున్న పాత పుస్తకం అట్ట చిరిగి నీలం గుడ్డ అంటించి ఉంటుంది. మిగతా ఐదుగురు ఆడవాళ్ళూ ఆమె ఎవరో తెలియదని వేలిముద్ర వేశారు. వాళ్ళను నేను తిట్టను. 7వ తేదీన వరహాలమ్మను అడిగాను, "ఆరేళ్ళు ఒక్క ముంతలో నీళ్ళు తాగారు, తెలియదని ఎలా వేశావమ్మా?" అని. ఆమె నా వైపు చూడకుండా చెప్పింది.

"నానేసినాను బాబూ. సెయ్యి నాదే. నువ్వు జెండా ఊపినావని సెప్పమంతావా? సెప్తే నువ్వు జైలుకెల్తావు, మాం ఇంటికెల్తాం. అది మాత్రం లేచొత్తాదేటి?"

ఆ తర్వాత ఆ ఐదుగురిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. అన్నాల వేళ చెట్టు కింద నుంచి ఎవరూ పిలవలేదు.

అదే రోజు సాయంత్రం ఆరింటికి మా యూనియన్ అధ్యక్షుడు అచ్యుతరామయ్య గారు నా గదికి వచ్చారు. పదేళ్ళలో ఆయన నా గదికి రావడం అదే మొదలు. కుర్చీ లేదు, మంచం మీద కూర్చున్నారు.

"చలమయ్యా, బూట్లు వేసుకోబట్టి చచ్చిపోయిందని నువ్వు చెబితే, ఇంక జన్మలో బూట్లు ఇస్తారా వాళ్ళు? రెండేళ్ళ పోరాటం గంగలో కలుస్తుంది. పైగా జెండా నీది. యూనియన్ మనిషే చంపాడంటారు. బయటి మనిషనే పోనియ్యి. ఆవిడ కూతురికి మనమే తలా ఒక చెయ్యి వేద్దాం."

"బయటి మనిషి అంటే దొంగ అనే కదండీ?"

"ఆవిడకు ఇప్పుడు తెలుస్తుందా?"

"కూతురికి తెలుస్తుంది."

"ఆవేశపడకు. నీకు మాట్లాడ్డం తెలుసు, ఎప్పుడు ఊరుకోవాలో తెలీదు."

ఆయన వెళ్ళాక దీని గురించి చాలా ఆలోచించాను. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. బూట్లు చంపలేదు. బూట్లు ఇచ్చి, రెండో మేటును ఇవ్వకపోవడం చంపింది. పది నిమిషాల గడువు చంపింది. ఈ మాట నేను ఎన్ని గేట్ల దగ్గరైనా చెబుతాను. కానీ అక్కడితో ఆపితే అది మళ్ళీ ఉపన్యాసమే అవుతుంది. కంపెనీ జెండా ఊపలేదు. గడియారం జెండా ఊపలేదు. మధ్యాహ్నం ఆ బూట్లు చూసి నవ్విన మనిషి ఊపాడు. వాళ్ళ తప్పు చెప్పడానికి నా తప్పు దాచాలంటే, నేనూ వాళ్ళలాగే ఒక పుస్తకం తిరగరాసినట్టు.

8వ తేదీ శనివారం పొద్దున్న ఏడున్నరకు చిట్టమ్మ కూతురు ఈశ్వరి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. తల్లి బుట్టలో అన్నం గిన్నె మరిచిపోతే రెండు మూడుసార్లు సైడింగు గేటుకు తెచ్చి ఇచ్చింది, అలా ముఖం తెలుసు. గదిలోకి రాలేదు, గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక కాగితం ఉంది. కంపెనీ వాళ్ళు జాలరిపేట వెళ్ళి ఇచ్చారట. గుర్తు తెలియని మనిషి ఇల్లు వాళ్ళకు ఎలా తెలిసిందో అడగండి. మా అమ్మ బొగ్గు ఏరుకోవడానికి వెళ్ళి చనిపోయింది, ఎవరి మీదా ఫిర్యాదు లేదు, శవాన్ని ఇప్పించండి అని అందులో ఉంది. వేలిముద్ర వేస్తే ఆ రోజే శవాన్ని ఇప్పిస్తామన్నారట.

"మాయమ్మ దొంగేటి బాబూ?" అని అడిగింది.

"కాదమ్మా."

"మరి అందరూ అలాగే సెప్తన్నారు. పనికెల్తన్నాననీసి రోజూ మాతో అబద్దమాడి, బొగ్గులేరుకునేదేటి? ఆరేల్లూ?"

"కాదు. పనికే వచ్చేది. నేను రోజూ చూశాను."

"నువ్వు సూసినావని ఎవలికి సెప్పినావు?"

అప్పటికి రెండు రోజులయింది. ఎవరికీ చెప్పలేదు.

"నాను ఏలేత్తే మాయమ్మ ఇంటికొత్తాది, దొంగనాగ. ఏకపోతే అక్కడే ఉంతాది. ఏం సెయ్యమంతావో నువ్వే సెప్పు. నీ మాటంటే మాయమ్మకి గురి. యూనియన్ బాబు సెప్పినాడనీసి ఆ బూట్లు ఇంటికాడ కూడా ఇప్పనేదు."

సోమవారం దాకా వేలు వేయవద్దని, ఆ రోజు పొద్దున్న మండల రెవెన్యూ ఆఫీసుకు రమ్మని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. జెండా ఊపింది నేనని కూడా చెప్పలేదు. చెప్పాలనుకున్నాను. ఆమె కాగితం మడిచి కొంగుకు ముడేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజూ మర్నాడూ గదిలోంచి కదలలేదు. ఎవరూ రాలేదు. ఆదివారం ఈ వాంగ్మూలాన్ని పైకి చెప్పుకుని చూశాను. మూడు చోట్ల నోరు ఉపన్యాసంలోకి జారింది. జారిన చోటల్లా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నాను.

నేను కోరేవి ఇవి. చనిపోయిన మనిషి పేరు చిట్టమ్మ అని రాయండి. వృత్తి దగ్గర వ్యాగన్లు ఊడ్చే కూలి అని రాయండి. గుర్తు తెలియని అన్న మాట కొట్టేయండి. ఆమెను కూతురికి పని మనిషిగా అప్పగించండి, దొంగగా కాదు. నా మీద ఏ సెక్షను పెట్టాలో పెట్టండి. అభ్యంతరం లేదు. నా పక్కన కంపెనీ పేరు కూడా పెట్టండి. దాని మీద మాత్రం వాదిస్తాను.

ఇంత చెప్పాక గుమాస్తా గారు కలం ఆపి నాతో మెల్లగా అన్నారు. "ఒక్క మాట, పెద్దాయనా. 'పచ్చజెండా ఊపింది నేనే' అన్నారు చూడండి, దాన్ని 'పచ్చజెండా ఊపడం జరిగింది' అని మారుస్తాను. మిగతాదంతా అలాగే ఉంటుంది. ఆవిడ పని మనిషేనని ఎలాగూ తేలుతుంది. మీరు లోపలికి వెళ్ళడం ఎందుకు?" ఆయన మంచి మనసుతోనే అన్నారు. వద్దన్నాను. ఊపడం దానంతట అది జరగదు. రాసింది రాసినట్టే ఉంచమని మేడం గారు అన్నారు.

నాకు చదవడం వచ్చు. కాగితం ఇస్తే నేనే చదువుకుని సంతకం పెట్టవచ్చు. కానీ మొత్తం గట్టిగా చదివి వినిపించమని కోరాను. వరండాలో బెంచీ మీద ఈశ్వరి కూర్చుని ఉంది. తలుపు తీసే ఉంచమన్నాను. గుమాస్తా గారు మొదటి నుంచి చదివారు. ఇరవై నిమిషాలు పట్టింది. మూడూ నలభైకి పచ్చజెండా ఊపింది నేనే అన్న చోట ఆమె లేచి నిలబడింది. ఆ తర్వాత కూర్చోలేదు. చివరి దాకా నిలబడే విన్నది. అయిపోయాక లోపలికి వచ్చి, కంపెనీ ఇచ్చిన కాగితాన్ని మేడం గారి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. వేలిముద్ర వేయవలసిన చోట ఖాళీగా ఉంది. ఆ కాగితాన్ని కూడా దీనికి జతపరచమని కోరుతున్నాను. ఈ చివరి మాటలు చదవడం అయ్యాక నా కోరిక మీద కలిపారు.

పైన ఉన్నది నా నోటితో చెప్పింది, నా చెవులతో తిరిగి విన్నది. ఒకరు చెప్పమంటే చెప్పింది కాదు, ఒకరు వద్దంటే మానింది లేదు. ఇందులో నాకు తెలిసి అబద్ధం లేదు. కొట్టివేతలు లేవు.

సంతకం
కొప్పిశెట్టి చలమయ్య
10-3-2003, మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలు